బాయిలో లేని అగ్గిపెట్టె

మాది శ్రీరాంపూర్. మా నాన్న సింగరేణిలో అండర్‌గ్రౌండ్ కార్మికుడు. మస్టర్ పడ్డాక బాయి దిగే ముందు జేబులు తనిఖీ చేస్తారు. బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె, లైటర్ ఏదీ లోపలికి పోకూడదు. బొగ్గు పొరల నుంచి మీథేన్ వస్తుంది కదా. గాలిలో అది సుమారు 5 నుంచి 15 శాతం ఉంటే ఒక్క నిప్పురవ్వకే పేలుతుంది. అందుకే ఈ రూల్ మీద ఎవరూ వాదించరు.

నాన్నకి బీడీ అలవాటు నేను పుట్టకముందు నుంచే ఉంది. "మరి ఎనిమిది గంటలు ఎట్ల ఉంటవ్ నాన్నా?" అని ఓసారి అడిగా.

"బాయిల యాదికే రాదు బిడ్డా. పైకొచ్చి చాయ్ హోటల్ చూసినంక గుంజుతది" అన్నాడు.

ఈ మాట నన్ను వదల్లేదు. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటలకోసారి సగం తగ్గుతుంది. ఎనిమిది గంటలకి పదహారో వంతే మిగులుతుంది. అంతా ఒంటి అవసరమే అయితే లోపల ఉన్నప్పుడే ఎక్కువ గుంజాలి. కానీ గుంజేది చాయ్ హోటల్ చూశాక! అంటే సగం అలవాటు మనిషిలో ఉంటే సగం చోటులో ఉంది. అయితే లోపల బీడీ కుదరదని తంబాకు నమిలేవాళ్లూ ఉన్నారు. అది మానడం కాదు, నోటి క్యాన్సర్ వైపు దారి మార్చడం.

ఇక మన సంగతి. 2003 చట్టం ప్రకారం కాలేజీకి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదు. మన గేటు నుంచి ఎన్ని అడుగులకి దొరుకుతుందో మీకే తెలుసు. 2016 నుంచి ప్యాకెట్ మీద 85 శాతం హెచ్చరిక బొమ్మే ఉంటోంది. కానీ మనం కొనేది లూజ్ సిగరెట్, బొమ్మ షాపులోనే ఉండిపోతుంది.

నేనూ ఫస్టియర్ ఇంటర్నల్స్ టైంలో మొదలుపెట్టినవాడినే. సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్న నా చొక్కా వాసన పట్టేశాడు. "నా ఛాతిల బొగ్గు దుమ్ము డ్యూటీ కోసం పోయింది. నీకేం కర్మరా?" అన్నాడు. 'నువ్వు తాగట్లేదా' అనబోయి ఆయన దగ్గు విని ఆగిపోయా. ఆ రాత్రే ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం.

నా అభిప్రాయం ఒక్కటే. పోస్టర్లు, ఉపన్యాసాలకంటే బాయి రూల్ బాగా పనిచేస్తుంది. హాస్టల్ రూమ్‌లో లైటర్ ఉండొద్దు. చాయ్ తాగే చోటు మార్చండి. మానేస్తున్న ఫ్రెండ్‌కి "ఒక్క దమ్మే కదా" అని చేతికివ్వకండి. మొదటి మూడు రోజులు చాలా కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం మామూలే. కొన్ని వారాల్లో తగ్గుతాయి. మీ వల్ల కాకపోతే 1800-11-2356కి ఫోన్ చేయండి, ప్రభుత్వ క్విట్‌లైన్, ఫ్రీ. డాక్టర్‌ని అడిగితే నికోటిన్ గమ్ లాంటివి కూడా చెప్తారు.

నాన్న మధ్యలో ఓ పెళ్లిలో జారాడు. మర్నాడు మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు షిఫ్ట్ అయ్యాక ఆ హోటల్ దగ్గర ఆగకుండా ఇంటికొచ్చి అమ్మ పెట్టిన చాయ్ తాగుతున్నాడు. నేను గేటు దగ్గరి బండి మానేసి క్యాంటీన్‌కి మారాను. చాయ్ అంత బాగోదు, అయినా అక్కడికే పోతున్నా.