గంట కొట్టే హక్కు పిల్లలకివ్వండి

కర్నూలు జిల్లా కోసిగి, పెద్దకడుబూరు పల్లెల్లో అమ్మానాన్న సుగ్గికి, అంటే వలస కూలికి, పోతే చెల్లినీ తమ్ముణ్ణీ సాకేది ఎవరు? పన్నెండేళ్ల పిల్ల. పొయ్యి వెలిగిస్తుంది, నీళ్లు మోస్తుంది, చిన్నోడికి జ్వరమొస్తే చంకనెత్తుకుని డాక్టరు దగ్గరికి పోతుంది. ఆ పిల్లే బడి గేటు దాటితే మన కంటికి ఏమీ తెలియని పసిది. మంట లేస్తే ఎటు పరుగెత్తాలో ఆమెను అడగం, ఆమెకు చెప్పం. ఆ పిల్ల బుద్ధికి ఇంతకు మించిన అవమానం లేదు.

పెద్దలున్నారు, చూసుకుంటారు అనేవాళ్లు జపాన్‌లోని ఒకావా ప్రాథమిక పాఠశాల సంగతి తెలుసుకోవాలి. 2011 మార్చి 11న భూకంపం వచ్చాక ఉపాధ్యాయులు పిల్లల్ని ఆటస్థలంలోనే ఉంచేశారు. బడి వెనకే గుట్ట. ఎక్కుదాం అని కొందరు పిల్లలు మొరపెట్టుకున్నారు. విన్నవాళ్లు లేరు. సునామీకి 74 మంది పిల్లలు పోయారు. అదే రోజు జపాన్‌లోనే కమైషిలో జూనియర్ హైస్కూలు పిల్లలు ఎవరి ఆజ్ఞకూ కాచుకోకుండా పరుగు తీశారు. వాళ్లను చూసి పక్కనున్న చిన్నబడి కదిలింది. పెద్దపిల్లలు చిన్నవాళ్ల చేతులు పట్టుకుని మెట్టకు చేర్చారు. సునామీ వస్తే ఏం చేయాలో ముందే నేర్చుకున్న పిల్లలు వాళ్లు.

మనకు సముద్రం లేదు, తుంగభద్ర ఉంది. 2009 అక్టోబరులో మంత్రాలయాన్ని, కర్నూలును ముంచింది. ఆదోనిలో పత్తి మిల్లులున్నాయి, పల్లెల్లో పాములున్నాయి, వేసవిలో నిప్పులు చెరిగే ఎండ ఉంది. చాలా బళ్లలో మధ్యాహ్న భోజనం పొయ్యి ఉంది. 2004 జూలై 16న కుంభకోణంలో 94 మంది పిల్లల్ని కాల్చిన మంట బడి వంటింట్లోనే పుట్టింది!

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లోనే బడి భద్రతకు మార్గదర్శకాలిచ్చింది. వాటిని బీరువాలోంచి తీసి పిల్లల ముందు పెట్టండి. ఏడో తరగతి పిల్లలు తమ బడి పటం తామే గీయాలి: ఏ గోడ నెర్రెలిచ్చింది, మెయిన్ స్విచ్ ఎక్కడ, వెనక గేటు తాళంచెవి ఎవరి దగ్గర, నడవలేని పిల్లను ఎవరు ఎత్తుకోవాలి. ఆదోనిలో ఉర్దూ, కన్నడ బళ్ల పిల్లలు తమ భాషలోనే రాయాలి. పాము కరిస్తే కోయకుండా, బిగించి కట్టకుండా, కాలు కదలనీయకుండా 108కి ఫోన్ చేయడం ప్రతి పిల్లకూ రావాలి. పన్నెండేళ్ల నుంచి ఏటా రెండు గంటలు గుండెపై నొక్కి ప్రాణం నిలపడం నేర్పాలన్న ప్రకటనకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే మద్దతిచ్చింది. రెండు గంటలు! పరీక్షల పేరుతో దానికీ తీరిక లేదంటారా?

పిల్లలు భయపడతారని అడ్డం రావద్దు. జూన్‌లో ఒకసారి నేర్పి చేతులు దులుపుకోవద్దు. అమ్మానాన్న వెంట సుగ్గికి పోయి తిరిగొచ్చిన పిల్లలను కూర్చోబెట్టి మళ్లీ నేర్పండి. పొగ చూసిన పిల్ల సారు అనుమతి అడగకుండా గంట కొట్టొచ్చని బడి గోడమీద పెద్దక్షరాలతో రాయించండి. తప్పుగా కొట్టినా ఆ పిల్లను ఎవరూ దండించరని దాని కిందే హెడ్‌మాస్టరు సంతకం పెట్టాలి.