గృహయంత్రములు: స్కూటరు బెల్టు, దాని వేడిమి



పాలు పొంగబోవుచున్నవని చప్పుడునుబట్టి గ్రహింతుము. పప్పు అడుగంటినదని మూత తీయకయే వాసనచేత తెలిసికొందుము. ఈ నేర్పు మనకెవ్వరును పుస్తకమున వ్రాసి యియ్యలేదు; దినదినమును పొయ్యికడ నిలుచుటచేత అలవడినది. ఈ నెల చెప్పబోవు సంగతి యీ నేర్పునకు చెందినదే. అయినను అది వంటయింటిది గాదు. వాకిట నిలుచు స్కూటరుది.

మేము కాపురముండు జల్‌పల్లి హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు కొనయందు, శ్రీశైలము పోవు రహదారికి చేరువ నున్నది. ఊరిపేరనే యొక చెరువు కలదు. అనతిదూరమున గుట్టమీద పహాడీ షరీఫు దర్గా కలదు. గుట్టల నేల గావున బాటలు ఎక్కుచు దిగుచు నుండును. లారీల రాకపోకలచే దుమ్ము మెండు. ఇట్టి చోట ఆడపిల్లలు కళాశాలలకును ఉద్యోగములకును గేరులేని స్కూటర్లమీదనే పోయి వచ్చుచున్నారు.

గత వేసవిలో మా పొరుగింటి పిల్ల తన తల్లిని వెనుక నెక్కించుకొని, కాళ్లకడ నొక బియ్యపు బస్తా నుంచుకొని, చాంద్రాయణగుట్టనుండి ఇంటికి వచ్చుచుండెను. మిట్టమధ్యాహ్నము. ఎగువబాటలో బండ్లు క్రిక్కిరిసి, అడుగడుగునకు ఆగి సాగవలసి వచ్చెను. ఉన్నట్లుండి ఇంజను హోరుమనెను గాని బండి కదలలేదు. తల్లియు కూతురును రెండు గంటలు ఎండలో లారీల ప్రక్క నిలిచిరి. సాయంకాలమున ఇంటిలో పంచాయతి జరిగెను. “ఆడపిల్లకు యంత్రముల జోలి యేల?” అని నాయనమ్మ; “రేపటినుండి ఆటోలో పోయి రమ్ము” అని తండ్రి.

ఆ పిల్ల నాకడకు వచ్చి, “అత్తా, నేను వడిగా నడుపలేదు, ఎవ్వరిని గుద్దలేదు. చేసిన తప్పేమో చెప్పువారు లేరు, శిక్ష మాత్రము పడినది” అని కన్నీరు పెట్టుకొనెను. ముందు బండి విప్పించి చూతము, తరువాత తీర్పు చెప్పుదుము గాక యని నేను దాని తండ్రిని ఒప్పించితిని.

మరునాడు మిస్త్రీ, ఎడమవైపు మూత విప్పినాడు. లోన మసివంటి నల్లని పొడి దట్టముగా నుండెను. గాలి వచ్చు మార్గము దుమ్ముతో పూడుకొని పోయినది. రబ్బరు బెల్టు అంచులు పీచులై, ఒకచోట తెగి వ్రేలాడుచుండెను. ఆ వృద్ధుడు పిల్లవంక చూచి, “ఈ పట్టా నిన్న చెడలేదు, బేటీ. చాలదినములనుండి చెప్పుచునే యున్నది. వాసన రాలేదా?” అని యడిగెను. వచ్చినదట. ఎగువ నెక్కినపుడెల్ల రబ్బరు కాలిన వాసన వచ్చినదట. బాటప్రక్క ఎవరో చెత్త తగులబెట్టుచున్నారని ఆ పిల్ల తలచినదట.

వాసన పట్టుట మనకు చేతనగును. అది యెక్కడినుండి వచ్చునో తెలియకపోవుటయే లోపము. కాబట్టి ఆ మూతక్రింద జరుగు పని యేమో చూతము.

గేరులేని స్కూటరునందు ఇంజను శక్తి వెనుక చక్రమునకు గొలుసుచేత గాక, ఒక రబ్బరు బెల్టుచేత చేరును. ముందొక కప్పీ, వెనుక నొక కప్పీ కలవు. ఒక్కొక్క కప్పీ, ఎదురెదురుగా నుంచిన రెండు ఏటవాలు పళ్లెములవంటిది. ముందరి కప్పీని వేరియేటరందురు. దానిలో చిన్న రోలర్లు కలవు. ఇంజను వేగము హెచ్చినకొలది ఈ రోలర్లు వెలుపలికి జరిగి పళ్లెములను దగ్గరకు నెట్టును. నడుమనున్న బెల్టు పైకెక్కును. అపుడు వెనుక కప్పీ స్ప్రింగును అణచుకొని విడిపోవును. అక్కడ బెల్టు లోనికి దిగును. ఈ విధముగా గేర్లు మార్చు పని, చేతితో నిమిత్తము లేక, దానంతట నదియే జరుగును. వెనుక కప్పీప్రక్క క్లచ్ కలదు. ఇంజను కొంత వేగము నందుకొనిన పిదపనే దాని షూలు విచ్చుకొని చుట్టునున్న గిన్నెను పట్టి చక్రమును త్రిప్పును.

ఇట్టి యేర్పాటుతో హాలండు దేశపు డాఫ్ కంపెనీవారు 1958లో ఒక చిన్న మోటారుకారును ప్రదర్శించిరి. మనదేశమున 1984లో వచ్చిన కైనెటిక్ హోండా దీనిని ఇంటింటి కెరిగించెను. గేర్లతోడి పెనుగులాట తప్పుటచే స్త్రీలు నిర్భయముగా బండి నెక్కుట కిది గొప్ప సాయమైనది.

ఇక వేడిమి మాట. బావిలో చేద వేయునపుడు త్రాటిని గట్టిగా పట్టినచో చేయి కాలదు. పట్టు సడలి త్రాడు జారినచో అరచేయి బొబ్బలెక్కును. బెల్టు విషయమును ఇంతే. కప్పీని బిగువుగా పట్టి తిరుగుచున్నంతకాలము కొంచెముగానే వేడెక్కును. జారినచోటనే దానికి చేటు. క్లచ్ షూలును అంతే. సగము పట్టి సగము విడిచి ఈడ్చుచున్నపుడే కాలును. కావున బండికి హాని మిక్కిలి వడిగా పోవుటయందే కలుగునని తలపరాదు. బరువుతో, ఎగువబాటలో, అంగుళమంగుళము ప్రాకుటయందు అంతకన్న హెచ్చు హాని కలదు. ఆ పిల్ల మెల్లగా నడిపితినని చెప్పినమాట నిజమే. ఆ దినమున ఆ మెల్లదనమే బెల్టునకు శత్రువైనది.

ఈ వేడిని పోగొట్టుటకై ముందరి కప్పీముఖమున విసనకఱ్ఱవంటి రెక్కలు కలవు. అవి తిరిగినకొలది చల్లగాలి లోనికి వచ్చి, వేడిగాలి వెలికి పోవును. గాలిదారి పూడినచో లోపలిది మూసిన కుంపటియే. వేడెక్కిన రబ్బరు మెత్తబడి మరింత జారును. జారిన మరింత వేడెక్కును. తుదకు అంచులు నున్నబడి, పీచులై, తెగును.

ఇది స్కూటర్లకే పరిమితమైన బాధ గాదు. ఇసుకదిబ్బలమీదను, పొలములలోను, కొండదారులందును నడుపుటకై సైడ్ బై సైడ్ అను నాలుగు చక్రముల బండ్లు కలవు. ఇరువురు ప్రక్కప్రక్కన కూర్చుందురు; పైన ఇనుపకమ్ముల పందిరి యుండును. అమెరికావంటి దేశములందు వాని వాడుక విస్తారము. వానిలో పెక్కింటికి శక్తినందించునది కూడ రబ్బరు బెల్టే. మన స్కూటరు బెల్టునకు పెద్దన్నవంటిది. అవి నడుపువారు బరువు లాగునపుడును, నిట్టనిలువుగా నెక్కునపుడును, మెల్లగా ప్రాకునపుడును లో గేరు వేయుదురు. బెల్టు పెట్టెకు గాలి తెచ్చు గొట్టములను బురద సోకకుండ కాపాడుదురు. దూరము పోవునపుడు మారుబెల్టు నొకదానిని వెంట నుంచుకొందురు. మన స్కూటరుకు లో గేరు లేదు. కాబట్టి ఆ పని మన బుద్ధియే చేయవలెను.

ఆచరింపదగినవి చెప్పెదను.

మొదటిది బరువు. ఇరువురును బస్తాయు కలిసి ఎగువబాట నెక్కరాదు. బస్తాను వేఱుగా తెచ్చుకొనుడు. నడుపువారుగాక మఱియొక్కరికే చోటని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. ఆ కట్టడి ప్రాణరక్షణకైనది, బెల్టునకును మేలే.

రెండవది, ఎగువలో ఆగవలసి వచ్చినపుడు బ్రేకు పట్టి నిలుపవలెను. కొంచెము కొంచెము యాక్సిలరేటరు త్రిప్పుచు బండి వెనుకకు జారకుండ నిలుపరాదు. ఇది మనలో చాలమందికి తెలియక అబ్బిన దురభ్యాసము. బ్రేకును యాక్సిలరేటరును ఒక్కమారే పట్టుటయు తగదు. ముందరి బండి జానెడు కదలినపుడెల్ల మనము కదలనక్కరలేదు. కొంత ఎడమిచ్చి, ఒక్కమారుగా సాగవలెను.

మూడవది, దీర్ఘమైన ఎగువ నెక్కివచ్చిన పిమ్మట ఇంజనును వెంటనే ఆపక, ఆరుబయట నిలిపి ఒక నిమిషము నెమ్మదిగా తిరుగనిండు. రెక్కలు లోని వేడిని కొంత వెలికి పంపును. మూసిన గదిలోగాని, తలుపులు వేసిన షెడ్డులోగాని ఇట్లు చేయరాదు. ఇంజను పొగలో వాసన లేని విషవాయువు కలదు. అది ప్రాణము తీయగలదు.

నాల్గవది నూనె మాట. కుట్టుమిషనుకు నూనె వేసి యలవాటుపడిన మనము ఏ యంత్రము కీచుమనినను నూనెడబ్బా తీయుదుము. బెల్టునకుగాని అది తిరుగు పళ్లెములకుగాని నూనె చుక్కయైనను తగులరాదు. తగిలిన జారును, జారిన కాలును. ఇంజనాయిలు వేఱు. వెనుక చక్రముకడ చిన్న పళ్లచక్రముల పెట్టె కలదు. దానిలోని గేరాయిలు వేఱు. అనేక స్కూటర్లలో అది నూరు మిల్లీలీటర్లకు కొంచెము అటునిటుగా పట్టును. ఇంత కొంచెమగుటచేతనే దానిని మార్చుట మరతురు. సర్వీసుకు ఇచ్చునపుడు, “గేరాయిలు చూచితిరా?” అని నోరు తెరచి యడుగుడు.

ఐదవది నీరు. 2020 అక్టోబరు మాసపు కుండపోతకు మా జల్‌పల్లి పరిధిలోని ఉస్మాన్ నగరు వీధులు బుర్హాన్ ఖాన్ చెరువు నీటమునిగి, చాలకాలము ఆరలేదు. అట్టి నీటిలో బండి నడిపినచో బెల్టు పెట్టెలోనికి నీరు చేరును. తడిసిన బెల్టు జారును. నీట మునిగిన బండిని స్టార్టుచేయక తోసికొనిపోయి, మిస్త్రీచేత విప్పించి ఆరబెట్టించుడు.

ఆరవది కాలనియమము. బెల్టును 20,000 మొదలు 25,000 కిలోమీటర్ల నడుమ మార్చుమని పెక్కు స్కూటర్ల పుస్తకములు చెప్పును. మీ బండితో వచ్చిన పుస్తకము చెప్పినదే మీకు ప్రమాణము. దుమ్ములో, ఎగువలలో, బరువుతో తిరుగు బండికి అంతకు ముందే మూత విప్పించి చూపవలెను. క్రొత్త బెల్టు వేసిన మొదటి కొన్ని దినములు బరువు పెట్టక నెమ్మదిగా నడుపుడు. సాధారణముగా విద్యుత్తు స్కూటర్లలో ఈ వేరియేటరు లేదు గావున ఈ నియమములు వానికి పట్టవు.

బండి చెప్పు మాటలును వినుడు. ఎగువలో రబ్బరు కాలిన వాసన వచ్చినచో బెల్టుగాని క్లచ్‌గాని జారుచున్నదని తలపుడు. ఇంజను హోరు హెచ్చి వేగము హెచ్చకున్న బెల్టు అరిగినదేమో చూపుడు. కదలునపుడు బండి వణకిన క్లచ్ షూలను చూపుడు. మూతక్రింద టకటక యను చప్పుడు వచ్చిన రోలర్లు ఒకవైపు అరిగియుండవచ్చును. ఇంత చెప్పగలిగినచో మిస్త్రీ ఊహించుకొని లేనిపోని భాగములు మార్చనక్కరలేదు. మన సొమ్మును మిగులును. మూత మాత్రము మీరు విప్పకుడు. పైటకొంగు, ఓణీ, జడ తిరుగు కప్పీకడకు పోరాదు. సైలెన్సరు చాలసేపు కాలుచునే యుండును.

మా పొరుగింటి పిల్ల ఈ సంగతులన్నియు ఒక కాగితమున వ్రాసికొనెను. తండ్రి మిస్త్రీకడనే నిలిచి, తెగిన బెల్టును చేతబట్టి చాలసేపు చూచెను. ఆ బండిని సర్వీసుకు పంపి సంవత్సరము దాటినదని, పంపవలసినవాడు తానేయని ఆయనకు జ్ఞప్తికి వచ్చెను. ఆ రాత్రి ఆటో మాట ఎవ్వరును ఎత్తలేదు. మూడవనాడు పిల్ల స్కూటరుమీదనే కళాశాలకు పోయెను. ఇపుడు వారి వంటయింటిలో క్యాలెండరు ప్రక్క నొక చీటి వ్రేలాడుచున్నది. గ్యాసుబండ వచ్చిన తేదీ క్రింద, గేరాయిలు మార్చిన తేదీయు, బెల్టు వేసిననాటి కిలోమీటర్ల సంఖ్యయు నున్నవి. వ్రాసినది నాయనమ్మ. దస్తూరి ఆమెదే బాగుండునట.

మీ యింటను అట్టి చీటి యొకటి వ్రాసి పెట్టుకొనుడు. యంత్రము చెడినపుడు, నడుపుచున్నది ఆడుది గావున చెడినదని తీర్పు చెప్పుట సులభము. ఆ తీర్పునకు ముందు మూత విప్పి చూడుడని యడుగగల స్త్రీ యింటింట నొక్కతె యుండిన చాలును.