మాంత్రికుణ్ణి చంపితే సరిపోతుందా?

మాంత్రికుల నవలలు యువకులను పాడుచేస్తున్నాయని మన అభ్యుదయ మిత్రులు కొందరు బాధపడుతున్నారు. మా కడప విద్యార్థుల చేతుల్లో ఇంగ్లీషు మాయల నవలలు చూసి, అది పలాయనవాదమనీ ఫ్యూడల్ అవశేషమనీ తీర్పు చెప్పేస్తున్నారు. ఈ తీర్పు తేలిక. దీన్ని నేను ఒప్పుకోను.

మాయ ఉన్నంతమాత్రాన కథ అభివృద్ధి నిరోధకమైతే, 1952 నుంచి 1980లో చనిపోయేదాకా 'చందమామ'ను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావును ఏమనాలి? 1954లో 'తోకచుక్క'తో దాసరి సుబ్రహ్మణ్యం ఆ పత్రికలో మొదలుపెట్టిన సీరియల్ నవలల్లో మాంత్రికులకు కొదవలేదు. అవి చదివి పెరిగినవాళ్లు మన సంఘాల్లోనే ఉన్నారు.

కాబట్టి అసలు ప్రశ్న మాయ గురించి కాదు. కథలో చెడు ఎక్కడుంది, ఎవరిలో ఉంది అన్నదే ప్రశ్న.

'చందమామ' స్థాపకుల్లో ఒకరైన బి. నాగిరెడ్డి మా జిల్లా పొట్టిపాడువారు. ఆయనా చక్రపాణీ కలిసి 1951లో తీసిన 'పాతాళభైరవి' చూడండి. తోటరాముడు తోటమాలి కొడుకు, రాజకుమార్తెను ప్రేమించాడు. తనతో సమానమైన సంపద తెమ్మన్నాడు రాజు. ఈ షరతు అన్యాయమని రాముడు అనడు. సంపదకోసం మాంత్రికుడి వెంట వెళతాడు. తనను బలి ఇవ్వజూసిన మాంత్రికుణ్ణే ఉపాయంగా సాష్టాంగపడేట్టు చేసి తల నరుకుతాడు. దేవి ప్రత్యక్షమవుతుంది, ప్రతిమ దక్కుతుంది, మేడ లేస్తుంది. బలి ఆగలేదు, కత్తి చేతులు మారిందంతే. నరకడం ఆత్మరక్షణ అంటే ఒప్పుకుంటాను. మేడ కూడా ఆత్మరక్షణేనా? కథ ఆ మాట అడగనే అడగదు. చెడంతా మాంత్రికుడి గడ్డంలో ఉంది గనక నాయకుడి చేతులు కడగనక్కరలేదు!

ఈ తర్కం మా సీమలో తెరమీద ఆగిపోలేదు. గుప్తనిధులకోసం పాత గుళ్లు తవ్వేవాడు ప్రతిమకోసమే తవ్వుతున్నాడు. ముఠాకక్షల ఊళ్లో మనవాడు వేటకొడవలి ఎత్తితే పౌరుషం, ఎదటివాడు ఎత్తితే రాక్షసత్వం. 1999లో 'సమరసింహారెడ్డి' విజయం తర్వాత సినిమావాళ్లు ఈ సరుకునే ఏళ్లతరబడి అమ్ముకున్నారు. ఆ ఊళ్ల పిల్లలే నా తరగతిలో కూర్చుంటారు.

ఇక అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో యువకులకోసం రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' చూడండి. గెడ్ మేకలు కాసిన కుర్రవాడు. మంత్రవిద్య నేర్చి, తోటి విద్యార్థిమీద పంతంకొద్దీ చచ్చినవాళ్ల ఆత్మను పిలుస్తాడు. దానితోపాటు ఒక నల్లని నీడ లోకంలోకి వస్తుంది. ఆ చీలికను మూయడంలో ముసలి గురువు ప్రాణం పోతుంది. గెడ్ చాలాకాలం పారిపోతాడు. చివరికి వెనుదిరిగి ఆ నీడనే తరుముతాడు. ఎదురుపడ్డప్పుడు దాన్ని తన పేరుతోనే పిలుస్తాడు. ఇది పలాయనమా? ఇంత కఠినమైన వాస్తవికత మన వాస్తవిక కథల్లో ఎన్నిటికి ఉంది?

మనవాళ్లకు కోపం వచ్చినా చెబుతాను: మన కథల్లో భూస్వామి కూడా నేపాళ మాంత్రికుడే అయిపోయాడు. వాడు చస్తే కథ కంచికి. వాడి కత్తి అందుకున్న మనవాడి సంగతి ఎవరికీ పట్టదు.

విద్యార్థుల చేతుల్లోంచి ఈ నవలలు లాక్కోవద్దు. నాయకుడి తప్పుకు ఖరీదు ఎవరు చెల్లించారో అడగడం నేర్పండి. ఆ ప్రశ్న నేర్చినవాడు ఊళ్లోనూ అడుగుతాడు, పార్టీలోనూ అడుగుతాడు. మనం నిజంగా భయపడుతున్నది దానికేనేమో!