పది లక్షల రూపాయలు – పది లక్షల డాలర్లు

"ఏం బాబూ, ముప్పై ఐదేళ్లు కొలిమి ముందు కాలిన ఒళ్లు చాలదా? ఇంకా కాగితం కావాలా?"

భిలాయి ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసిన ఒక శ్రీకాకుళం జిల్లా కార్మికుడు ఇటీవల నన్ను అడిగిన ప్రశ్న ఇది. గ్రాట్యుటీ సొమ్ము తపాలా కార్యాలయంలో జమ చేయబోగా, అది ఎక్కడిదో ఆధారం చూపమన్నారట.

అడిగిన తపాలా సోదరుని తప్పు లేదు. తపాలా పొదుపు పథకాలలో పది లక్షల రూపాయలకు మించి జమ చేసేవారు ఆ సొమ్ము ఎలా వచ్చినదో ఆధారం చూపాలని తపాలా శాఖ 2023 మే నెలలో ఉత్తర్వు జారీ చేసినది. 2002లో వచ్చిన మనీ లాండరింగ్ నిరోధక చట్టం 2005 జూలై 1 నుండి అమలులో ఉన్నది. అక్రమార్జన సక్రమ ధనంగా చలామణి కారాదన్నదే దాని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని కార్మికవర్గం సమర్థిస్తుంది. మన అభ్యంతరం ఒక్కటే. ఈ ప్రశ్న క్రింది కౌంటరులో వినిపించినంత గట్టిగా పై అంతస్తులో వినిపిస్తున్నదా?

మన రైలు పట్టాలకు పుట్టినిల్లయిన భిలాయే ఇందుకు సాక్ష్యం చెబుతున్నది. మహాదేవ్ బెట్టింగ్ యాప్ ముఖ్య నిర్వాహకులిద్దరూ ఈ ఊరివారేననీ, దుబాయి నుండి వ్యాపారం నడిపారనీ, సొమ్మును బినామీ ఖాతాల గుండా, హవాలా మార్గాన విదేశీ ఖాతాలకు తరలించారనీ ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 2023 సెప్టెంబరులో ప్రకటించినది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో ఎమిరేట్లలో జరిగిన ఒక పెండ్లికి సుమారు 200 కోట్ల రూపాయలు నగదుగా ఖర్చయినదని కూడా చెప్పినది. అందులో కొంత ధనం దుబాయిలోని విదేశీ పెట్టుబడి సంస్థల పేరిట తిరిగి మన స్టాక్ మార్కెట్టుకు చేరినదని 2024లో ఆరోపించినది. నిజానిజాలు న్యాయస్థానంలో తేలవలసినవే. కాని ఇన్ని కోట్లు ఎల్లలు దాటిపోతుంటే, తిరిగి వస్తుంటే, "ఇది ఎవరి సొమ్ము?" అని సకాలంలో అడిగినవారెవరు?

సంపన్నులకు ప్రత్యేక అధికారిని కేటాయించి, వారి ధనాన్ని గుట్టుగా నిర్వహించటాన్ని ప్రైవేటు బ్యాంకింగ్ అంటారు. నైజీరియా నియంత అబాచా కుమారులకు, మెక్సికో మాజీ అధ్యక్షుని సోదరునికి సిటీబ్యాంకు ఇటువంటి సేవలు చేసిన వైనాన్ని 1999లో అమెరికా సెనేట్ ఉపసంఘం బయటపెట్టినది. 2001లో అక్కడ చట్టం వచ్చినది. పది లక్షల డాలర్లు, ఆపై మొత్తంతో విదేశీయులు ప్రైవేటు ఖాతా తెరిస్తే, అసలు యజమాని ఎవరో, ధనం ఎక్కడిదో బ్యాంకు విచారించాలి. విదేశీ పాలకులు, వారి బంధువుల విషయంలో మరింత నిశితంగా చూడాలి.

అయినా జరిగినదేమిటి? మెక్సికో మాదకద్రవ్య ముఠాల ధనాన్ని అడ్డుకోలేకపోయిన హెచ్‌ఎస్‌బిసి 2012లో సుమారు 190 కోట్ల డాలర్లు చెల్లించి బయటపడినది. ఆ వ్యవహారంలో ఒక్క ఉన్నతాధికారి కూడా బోను ఎక్కలేదు. మన కౌంటరులో ఒక సంతకం తప్పితే గుమస్తాకు చార్జిషీటు!

మన దేశంలోనూ 2023 మార్చిలో నిబంధనలు బిగించారు. కంపెనీలో 25 శాతానికి బదులు 10 శాతం మించిన వాటా ఉన్నవారిని సైతం అసలు యజమానులుగా గుర్తించాలన్నారు. ఇది మంచి మార్పే. అయితే, తెచ్చిన డిపాజిట్లను బట్టి అధికారికి బహుమానం దక్కినంతకాలం అతని నోట కఠినమైన ప్రశ్న రాదు. గట్టిగా అడిగితే విదేశీ పెట్టుబడి పారిపోతుందని కొందరు బెదిరిస్తున్నారు. ఎక్కడిదో చెప్పలేని ధనం పారిపోతే దేశానికి నష్టమేమిటి?

అందుచేత మన కోర్కెలు స్పష్టం. పది లక్షల రూపాయలకు అడిగే ప్రశ్నను పది లక్షల డాలర్లకూ అడగాలి. బాధ్యత గుమస్తా దగ్గర ఆగక, ఖాతాకు ఆమోదముద్ర వేసిన పై అధికారి వరకూ పోవాలి. కౌంటరు సిబ్బందికి తగిన శిక్షణ, వ్యవధి, మనుషుల బలం ఇవ్వాలి.

సోదరులారా, మన ఇంటి బాధ్యత కూడా ఒకటున్నది. కొద్ది వేలు ఆశ చూపి మన పిల్లల పాసుబుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ అద్దెకడిగే దళారులు తిరుగుతున్నారు. కోట్లు దాటిపోయేది ఆ ఖాతాల గుండానే. పోలీసులు ముందుగా తట్టేది దుబాయి భవనం తలుపు కాదు, మన క్వార్టరు తలుపు. ఈ మాట ఈ రాత్రే మీ ఇంట చెప్పండి.