కోరిన శాఖ దొరకని వైద్యులు

వైద్యపట్టము పుచ్చుకొని, ఒక సంవత్సరము హౌస్‌సర్జనుగా పనిచేసి యిల్లు చేరిన యువకుని డాక్టరని పిలుచుటకు లోకము నేడు సందేహించుచున్నది. "ఏ బ్రాంచి వచ్చినది?" అని మొదట నడుగుదురు. కోరినది రాలేదు, మరల వ్రాయుదుననిన, పరామర్శకు వచ్చినవారివలె ముఖములు పెట్టుదురు. నర్సీపట్నము వంటి ఊరిలో నీ మాట సాయంకాలమునకే పఠనమందిరము చేరును. ఏ నేరమును చేయని బిడ్డ తన యింట తానే తలవంచుకొని తిరుగుచున్నాడు.

యథార్థమును విచారింతము. 2025లో నీట్ పీజీ పరీక్షకు 2 లక్షల 40 వేలకు పైగా అభ్యర్థులు నమోదైరి. దేశమందలి పీజీ సీట్లు అందులో సగమైనను లేవు. రేడియాలజీ, చర్మవైద్యము, జనరల్ మెడిసిన్ సీట్లు మొదటి ర్యాంకులవారితోనే నిండిపోవును. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ సీట్లు అడుగువారు లేక మిగిలిపోవును. 2023లో ఖాళీలు నింపుటకై అర్హతా పర్సెంటైలునే సున్నకు దింపవలసి వచ్చెను. పరీక్షయైనను చెప్పిన దినమున జరుగుట లేదు. 2024 జూన్ 23న జరుగవలసినదానిని ముందునాటి రాత్రి వాయిదావేసి ఆగస్టు 11న జరిపిరి. 2025లో జూన్ 15 నాటి పరీక్ష ఆగస్టు 3కు జరిగెను. ఇన్ని ఒడుదుడుకుల నడుమ కోరిన సీటు తప్పిపోయినవానిని అసమర్థుడనుట ఏపాటి న్యాయము?

"వచ్చినదేదో పుచ్చుకొనరాదా" యను పెద్దలును కలరు. జీవితమంతయు చేయవలసిన పనిని మనసొప్పక చేపట్టినవాడు తనకును రోగికిని మేలు చేయజాలడు. చేరి నడుమ విడిచినచో పెక్కు రాష్ట్రములలో లక్షల రూపాయలు చెల్లింపవలసి యుండును. ఆ సీటు మరియొకనికిని దక్కదు. ఈ జరిమానాను రద్దుచేసి, దానికి బదులు ఒక యేడు ప్రవేశము నిషేధించుట మేలని జాతీయ వైద్య కమిషన్ 2024 జనవరిలో రాష్ట్రములకు వ్రాసినది. కావున ఆలోచించి యొక యేడు ఆగుట దోషము కాదు. ఆగిన యేడు ఎట్లు గడుచుచున్నదనునదే మా ప్రశ్న.

ఎట్లు గడుచుచున్నది? హైదరాబాదులోనో విజయవాడలోనో అద్దెగదిలో, తలుపు మూసికొని, ప్రశ్నలకు జవాబులు గురుతు పెట్టుకొనుటలో గడుచుచున్నది. చదివిన విద్య చేతినుండి జారుచుండగా, మార్కులు మాత్రము పెరుగుచున్నవి. ఇది యువకుని తప్పు కాదు. మూడున్నర గంటలలో 200 ప్రశ్నలడుగు పరీక్ష, "నడిమి యేడాది ఏమి చేసితివి?" అని మాత్రమడుగదు. అమెరికాలో 1952 నుండి నడచుచున్న "మ్యాచ్" పద్ధతి వేరు. మార్చి మాసమున చోటు దొరకని మన తెలుగు బిడ్డలు అచట పరిశోధనశాలలలోనో, ఆసుపత్రులలోనో పనిచేసి మరుసటి యేడు మరల దరఖాస్తు పెట్టుదురు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నలలో నొకటి ఆ మధ్యకాలమును గురించినదే. ఆ దేశపు పద్ధతులన్నియు మనకు కావలెనని మా మతము కాదు. ఆ యొక్క ప్రశ్న మాత్రము మనకు కావలెను.

భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము మన వాచకములందు మొదటి పుటలలో నుండదగినది. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయాచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్ణపట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటికి వచ్చిరి. కోరిన మదరాసు వైద్యోద్యోగము దొరకలేదు. ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఆయుర్వేద కళాశాలలో బోధించుచు పరిశోధనలయందు మనసు నిలిపి, పిమ్మట అమెరికా చేరిరి. 1948లో మరణించునాటికి బోధకాలు వ్యాధికి మందును, పిల్లల రక్తక్యాన్సరుకు మెథోట్రెక్సేటును, ఆరియోమైసినును లోకమునకు వచ్చుటకు ఆయన నడిపిన పరిశోధనయే కారణమాయెను. మూసిన తలుపు ముందు గడపిన కాలము ఆయన కొఱగానిది కాలేదు.

మన యువవైద్యునికి అట్టి పని ఎచట నున్నది? దూరము పోనక్కరలేదు. నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లి పోవు ఘాటురోడ్డు చాలును. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు అడుగుపెట్టిన ఆ చింతపల్లి, కృష్ణదేవిపేట ప్రాంతముల పైకొండలలో నేటికిని బాటలేని పల్లెలు కలవు. గర్భిణిని డోలీలో మోసికొని వచ్చు దృశ్యము మనకు క్రొత్త కాదు. మలేరియా, పాముకాటు, రక్తహీనత, సికిల్ సెల్ వ్యాధి అచట పుస్తకములోని ప్రశ్నలు కావు, గుమ్మములో నిలిచిన మనుష్యులు. ఆరు నెలలు వారిని చూచినవానికి తనకు నిజముగా కావలసిన శాఖ యేదో తెలియును. చర్మవైద్యమే కావలెనన్నవాడు కాన్పుల గదిలో తన పిలుపును కనుగొనవచ్చును; లేదా, మొదటి కోరికయే గట్టిపడవచ్చును. రెండును లాభమే. ఎవరికిని అక్కరలేని అనాటమీయే నచ్చినచో, అదియును చిన్నపని కాదు. 2022 డిసెంబరులో మాకవరపాలెమున శంకుస్థాపన జరిగిన వైద్యకళాశాల వంటివి ఎన్ని లేచినను, మొదటి సంవత్సరము బోధించువాడు లేనిదే అవి గోడలు మాత్రమే.

అయితే సేవను ఉపదేశించి ఫలమును నిరాకరించుట ధర్మము కాదు. వెనుకబడిన ప్రాంతములలో పనిచేయు ప్రభుత్వ వైద్యులకు, ఏటికి నూటికి 10 చొప్పున 30 మించకుండ, వచ్చిన మార్కులపై అదనపు మార్కులిచ్చు నిబంధన 2000 నాటి పీజీ నియమములలో నుండెను. సర్వీసులోని వైద్యులకు ప్రత్యేక కోటా కల్పించు అధికారము రాష్ట్రములకు కలదని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది. ఈ న్యాయమునే విస్తరించి, మరల పరీక్ష వ్రాయబోవు యువవైద్యుడు ఏజెన్సీలో ఒక్క యేడు ఒప్పందముపై పనిచేసినను కొంత గుర్తింపు నిచ్చు చట్టము రావలెను. చదువుకొనుటకు వేళయు, ఉండుటకు ఇల్లును, రాత్రి కాపలాయు కల్పింపవలెను. లేనిచో మా మాట వట్టి నీతివాక్యమగును.

తల్లిదండ్రులకొక మాట. బ్రాంచిని బట్టి కట్నము లెక్కించు నాలుకలకు జడిసి బిడ్డను గదిలో బంధింపకుడు. యువకులకొక మాట. మరల వ్రాయుడు, సిగ్గుపడకుడు. కాని వ్రాయుటకు పోవునపుడు, నడిమి యేడాది ఏమి చేసితిరని ఎవ్వరును అడుగకున్నను, మీరు చెప్పుకొనదగిన సమాధానమొకటి మీయొద్ద నుండవలెను. ర్యాంకు రేపు రావచ్చును. రోగి నేడే వచ్చియున్నాడు.