కోసిన చేలలో రాత్రివేట: సస్యరక్షణమా? మృగయావ్యసనమా?

అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణభాగంలో, విశేషించి టెక్సాస్, జార్జియా రాష్ట్రాలలో, కోతలు ముగిసిన వేరుశనగ, మొక్కజొన్న పొలాలలో రాత్రివేళ ఒక వేట సాగుతున్నది. మట్టిలో మిగిలిపోయిన కాయలకోసం, రాలిన గింజలకోసం పందులు మందలుగా వస్తాయి. ప్రాణి శరీరోష్ణాన్ని బట్టి దాని ఆకారాన్ని చీకటిలోనూ చూపించే థర్మల్ స్కోపును తుపాకికి బిగించుకొని మనుష్యులు పొలం గట్టున పొంచి ఉంటారు. వారిలో అనేకులు ఆ పొలానికి యజమానులు కారు. రుసుము చెల్లించి వేడుకకు వచ్చినవారు. తెల్లవారిన తరువాత కళేబరాలను వరుసగా పేర్చి వాటి ముందు నిలిచి ఛాయాచిత్రాలు తీసుకుంటారు. ఈ కృత్యానికి వారు చెప్పే ప్రయోజనం సస్యరక్షణ.

ఆ రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారిలో నిత్యం సంధ్యావందనం చేసుకునేవారు, శనివార వ్రతం పాటించేవారు ఎందరో ఉన్నారు. అటువంటి ఆస్తికుణ్ణి సహోద్యోగి ఈ రాత్రివేటకు ఆహ్వానిస్తే వెళ్ళవచ్చునా? చూడటానికైనా వెళ్ళవచ్చునా? ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. రెండూ తొందరపాటు సమాధానాలే. రెండింటినీ పరీక్షించాలి.

ప్రథమ పూర్వపక్షం: వరాహం భగవద్రూపం, కనుక అవధ్యం

యజ్ఞవరాహమూర్తి భూమిని ఉద్ధరించినవాడు, తిరుమల క్షేత్రంలో ప్రథమపూజ అందుకునేవాడు. కనుక పందిని చంపిన రైతు మహాపాపి అని కొందరి వాదం. ఇది భక్తి వేషం ధరించిన అవిచారం మాత్రమే. భగవంతుడు ధరించిన రూపం పూజ్యమే కాని, ఆ రూపం గల ప్రతి ప్రాణీ అవధ్యమని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు. మూకుడనే దానవుడు వరాహరూపంలో అర్జునునిపైకి వచ్చినప్పుడు, కిరాతవేషధారి అయిన పరమశివుడూ, అర్జునుడూ ఏకకాలంలో బాణాలు వేశారు కదా!

పైగా ఆ దేశంలో ఈ జంతువు చేసే నష్టం కల్పితం కాదు. పంది అమెరికా ఖండానికి సహజప్రాణి కాదు. 1539లో స్పెయిన్ దేశీయుడైన హెర్నాండో డి సోటో ఫ్లోరిడా తీరంలో దిగినప్పుడు తన సైన్యానికి ఆహారంగా పందులను వెంట తెచ్చాడు. అటువంటి పెంపుడు పందులు తప్పించుకొని అడవిపాలయ్యాయి. తరువాతి కాలంలో వేట సరదాకోసం ఐరోపా అడవిపందులను తెచ్చి విడిచారు. రెండు జాతులూ కలిశాయి. నేడు వాటి సంఖ్య అరవై లక్షలకు మించినదని, అందులో టెక్సాస్‌లోనే పాతిక లక్షలకు పైగా ఉన్నాయని, ఏటా జరిగే నష్టం 150 కోట్ల డాలర్లకు మించినదని అంచనాలు. వసంతంలో విత్తనం వేసిన రాత్రే సాలు వెంట నడుస్తూ గింజలను వరుసగా తవ్వి తినివేయగల జంతువు అది.

అట్టి రైతును నిందించేవాడు తన భోజనపాత్రలోని అన్నం ఎక్కడినుండి వచ్చిందో ఆలోచించాలి. మహాభారతం వనపర్వంలో మిథిలానగరపు ధర్మవ్యాధుడు కౌశికునికి ఉపదేశించింది ఇదే. నాగలి కదిలితే మట్టిలోని ప్రాణులు నశిస్తాయి. హింసాస్పర్శ లేని జీవిక లోకంలో దుర్లభం. ఆ మహానుభావుడు వరాహమాంసం విక్రయించేవాడే, కాని స్వయంగా వధించేవాడు కాడు. కనుక పంట కాచుకునే కర్షకుణ్ణి పాపి అనడం అధర్మం. ప్రథమపక్షం నిలువదు.

ద్వితీయ పూర్వపక్షం: వేట క్షత్రియధర్మం, పంది ఆతతాయి

ఇక రెండవవారి వాదం మరింత ప్రమాదకరం, ఎందుకంటే అది శాస్త్రభాషలోనే మాట్లాడుతుంది. రాజులు వేటాడలేదా? పరుల క్షేత్రాన్ని అపహరించేవాడు ఆతతాయి కాడా? పంది క్షేత్రాన్ని ధ్వంసం చేస్తున్నది కనుక ఆతతాయి. ఆతతాయి వధలో దోషం లేదు. కనుక వేటకు పోవచ్చు, ఆనందించనూ వచ్చు. ఇదీ వారి యుక్తి.

దీనికి సమాధానం. ఆతతాయి అనే శబ్దం బుద్ధిపూర్వకంగా అపకారం చేసే కర్తకు వర్తిస్తుంది. తిర్యగ్యోని భోగయోని, విధినిషేధాలు మనుష్యునికే. పందికి పొలం ఎవరిదో తెలియదు. దానిని ఆ ఖండానికి తెచ్చినవాడు మనుష్యుడు; విడిచినవాడు మనుష్యుడు. తన పూర్వుల తప్పుకు ఫలం అనుభవిస్తూ, ఆ జంతువుకు నేరస్థుడని పేరు పెట్టి దండించడం న్యాయం కాదు. తొలగించవలసి రావడం వేరు, నేరం మోపడం వేరు.

రాజులు వేటాడిన మాట నిజమే. కాని ఆ వేటను గూర్చి శాస్త్రమూ, ఇతిహాసమూ ఏమన్నాయి? మనుస్మృతి రాజధర్మప్రకరణంలో కామజాలైన పది వ్యసనాలను లెక్కిస్తూ మొట్టమొదట చెప్పింది మృగయనే. ఆ పదింటిలో అతికష్టతమాలుగా వేరుచేసి చూపిన నాలుగింటిలోనూ మద్యపానం, జూదాలతో పాటు మృగయ ఉన్నది. పాండురాజు సంగమంలో ఉన్న మృగాన్ని కొట్టి, మృగరూపధారి అయిన కిందముని శాపం పొందాడు. మృగవధ రాజులకు విహితమే కదా అని పాండురాజు వాదించాడు కూడా. కిందముడు వధను ఆక్షేపించలేదు. వధించిన వేళలోని నిర్దయను ఆక్షేపించాడు. భాగవతం చతుర్థస్కంధంలో పురంజనుడు కుందేళ్ళనూ, వరాహాలనూ, మహిషాలనూ నిష్కారుణ్యంగా కూల్చిన వేటను నారదుడు వర్ణించింది ప్రాచీనబర్హికి ఆదర్శంగా చూపడానికి కాదు, హెచ్చరించడానికి. ఆ రాజు యజ్ఞాలలో చంపించిన పశువులే ప్రతీకారంకోసం పరలోకంలో ఎదురుచూస్తున్నాయని నారదుడు చూపించాడు. యజ్ఞపశువు సంగతే అటువంటిదైతే, వినోదపశువు సంగతి చెప్పాలా?

రాత్రివేటకైతే దశరథ మహారాజు వృత్తాంతమే చాలు. వర్షర్తువు, సరయూతీరం, చీకటి. నీటికి వచ్చే మృగంకోసం పొంచి ఉన్న యువరాజు కుండ మునిగిన చప్పుడును ఏనుగు ఘీంకారమనుకొని శబ్దవేధి బాణం వేశాడు. కూలినది అంధులైన తల్లిదండ్రులకు ఏకైక ఆధారమైన తాపసకుమారుడు. తన విద్య తప్పదన్న గర్వమే ఆ అనర్థానికి మూలమని దశరథుడు మరణశయ్యపై కౌసల్యతో ఒప్పుకున్నాడు. నాటిది శబ్దవేధి, నేటిది ఉష్ణవేధి. యంత్రం చూపేది వెచ్చని ఆకారాన్నే. దానిని గుర్తించవలసిన బుద్ధి వేటగాడిదే. ఉద్రేకంలో మొదట జారేది ఆ బుద్ధే.

సిద్ధాంతం

అయితే రక్షకుణ్ణీ, వ్యసనిని వేరుచేసి గుర్తించేదెట్లా? చేతిలోని ఆయుధం ఒకటే కావచ్చు. లక్షణభేదం కోరికలో ఉన్నది. రక్షకుడు పంది లేని పొలాన్ని కోరతాడు. వ్యసని వచ్చే ఏడాది కూడా పంది ఉండే పొలాన్ని కోరతాడు.

ఇది ఊహామాత్రం కాదు, ఆ దేశపు అనుభవమే ఇందుకు ప్రమాణం. టెనసీ రాష్ట్రం పందుల సంఖ్య తగ్గించాలని 1999లో రాష్ట్రమంతటా వేటకు అనుమతి ఇచ్చింది. తగ్గడానికి బదులు అవి కొత్త కొత్త ప్రాంతాలకు విస్తరించాయి. వేటకు మరిగినవారు పందులను తీసుకువెళ్ళి లేనిచోట విడిచారు. 2011లో ఆ రాష్ట్రం తన విధానాన్నే మార్చుకున్నది. కాన్సాస్ రాష్ట్రం 2006లోనే పందుల వినోదవేటను నిషేధించింది. టెక్సాస్ మాత్రం 2011లో హెలికాప్టరు నుండి కాల్చే వేడుకకు రుసుము వసూలు చేయడానికి చట్టం చేసింది; 2019 నుండి భూస్వామి అనుమతి ఉంటే వేట లైసెన్సు కూడా అక్కరలేదన్నది. అయినా పందులు తరగలేదు.

కారణం సుబోధం. ఆడపంది ఏడాది నిండకముందే ఈనగలదు. గర్భధారణకాలం సుమారు 115 రోజులు. ఏటా మూడింట రెండు వంతులను తొలగిస్తే తప్ప మంద పెరగక మానదని ఆ రంగపు శాస్త్రజ్ఞుల మాట. ఒక రాత్రి కాల్పులలో రెండో మూడో కూలుతాయి. మిగిలినవి చెదరి పక్క పొలాలకు పోతాయి, మనుష్యుని అలికిడి పసిగట్టి మరింత నిశాచరాలవుతాయి. మందనంతటినీ ఒకేసారి పట్టేది విశాలమైన దొడ్డి వంటి ఉచ్చు. కొన్నివారాలు మేత వేసి, చివరి పిల్ల కూడా లోపలికి వచ్చినదాకా ఓపికపట్టి, అప్పుడే తలుపు దించుతారు. ఆ పనిలో కేకలు లేవు, ఛాయాచిత్రాలు లేవు. అందుకే దానికి రుసుము ఇచ్చి వచ్చేవారూ లేరు. తెలుగుసీమలో అడవిపందుల నుండి వేరుశనగ చేను కాచుకొనే రైతు మంచెపై రాత్రంతా మేలుకొని డప్పు కొడతాడు. ఆ జాగరణకు టిక్కెట్టు కొనేవాడెవడు? రక్షణలో శ్రమ ఉంటుంది, వ్యసనంలోనే వేడుక.

ఇంకొక సూక్ష్మం. ఈ వేట జరిగేది కోసిన పొలంలో. అక్కడ కాపాడవలసిన పంట ఆ రాత్రి లేదు. కోత ముగిసిన చేలో రాలిన గింజ ఏరుకొని బ్రతకడాన్ని శిలోంఛవృత్తి అన్నారు. ముద్గల మహర్షి ఆ వృత్తితోనే తరించాడు. యజమాని విడిచిన గింజపై సర్వభూతాలకూ భాగమున్నదనే భావన ఆ వృత్తికి ఆధారం. రాబోయే విత్తుల రక్షణకోసం మందను ముందుగా తొలగించడం తప్పనిసరి కావచ్చు, కాదనరాదు. కాని ఎంగిలి గింజ ఏరుకొంటున్న ప్రాణిని కూల్చి దానిని వీరకృత్యమని చాటుకోవడం ధర్మం ఎరిగినవాడు చేయదగిన పని కాదు.

గృహస్థుకు ధర్మశాస్త్రం ఇచ్చిన ఉపమానం ఇక్కడ మార్గం చూపుతుంది. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అనే పంచసూనలలో ప్రతిదినం ప్రాణులు నశిస్తాయి. అది అనివార్యం, అందుకే పంచమహాయజ్ఞాలు ప్రాయశ్చిత్తంగా విధింపబడ్డాయి. రోలులో చీమ చచ్చిందని ఏ ఇల్లాలూ పండుగ చేసుకోదు. పొలం గల ఆస్తికుడు పందులను తొలగించవలసి వస్తే ఇదే దృష్టితో తొలగించాలి. మందనంతటినీ ఉచ్చుతో పట్టించాలి, బాధ దీర్ఘం కాకుండా చూడాలి, కళేబరం వృథా కుళ్ళకుండా చూడాలి. ఆపై భూతబలి సమర్పించి, మనసులో క్షమాపణ కోరాలి.

పొలం లేనివాడికి ఆ రాత్రి అక్కడ పని లేదు. తుపాకి పట్టను, చూడటానికి మాత్రమే వస్తానంటే దోషం తొలగదు. పతంజలి మహర్షి హింసను మూడు విధాలుగా విభజించాడు: స్వయంగా చేసినది, చేయించినది, అనుమోదించినది. గట్టున నిలిచి చప్పట్లు కొట్టినవాడు, ఇంట కూర్చొని ఆ దృశ్యాలను ఫోనులో చూసి ఉల్లసించినవాడు మూడవ విధంలో భాగస్వాములే. ఆహ్వానించిన మిత్రుణ్ణి దూషించనక్కరలేదు. వినయంగా రానని చెప్పడమే ఆస్తికునికి తగిన సమాధానం.

స్వస్తి.