సూది గుచ్చేముందు ఒక ప్రశ్న

అండాశయం పక్కన నీరు నిండిన తిత్తి స్కానింగ్‌లో కనిపిస్తే డాక్టరు ఆలోచన మామూలు సిస్టు మీదికో, కణితి మీదికో పోతుంది. చాలాసార్లు అదే నిజం. ఎప్పుడో ఒకసారి మాత్రం అది హైడాటిడ్ తిత్తి. కుక్క పేగుల్లో బతికే, సెంటీమీటరైనా ఉండని బద్దెపురుగు తాలూకు పిల్లదశ. సంగతి తెలియక సూదితో నీరు లాగబోతే అది కడుపులోకి చిమ్మి, తీవ్రమైన అలర్జీ రేగి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ గండం గడిచినా, ఆ నీటిలోని కంటికి కనపడని పురుగు తలలు ఒక్కొక్కటీ కొన్నేళ్లలో కొత్త తిత్తి కాగలవు.

అరుదైన జబ్బే, కాదనను. కడుపులో చేరిన ఆ పురుగు గుడ్డు పేగులో పగిలాక పిల్లపురుగు రక్తంలో ముందు కాలేయానికి చేరుతుంది. సుమారు 70 శాతం తిత్తులు అక్కడే, 20 శాతం ఊపిరితిత్తుల్లో. కటి భాగంలోవి సాధారణంగా ఒక శాతం లోపే. కాలేయంలోని తిత్తి చిట్లి కిందికి జారినవీ వాటిలో ఉంటాయి. ఏళ్ల తరబడి నొప్పి తెలియదు. తర్వాత వచ్చే పొత్తికడుపు బరువు, మాటిమాటికీ మూత్రం వేరే ఎన్నో జబ్బుల్లోనూ ఉండేవే.

పట్టిచ్చేది స్కానింగే. పెద్ద తిత్తిలో పిల్లతిత్తులు, గోడ నుంచి ఊడి తేలుతున్న పొర కనిపిస్తే చెయ్యి ఆగాలి. ఆపరేషన్‌లో బయటికి తీస్తే ఆ పొర తాటిముంజెలా తెల్లగా, జారుగా ఉంటుంది. కాలేయాన్నీ స్కాన్ చేయాలి. రక్తపరీక్షలో తేలలేదని అనుమానం వదిలేయకూడదు. ఆల్బెండజోల్ మందు అండతో, తిత్తి చిట్లకుండా తీయాలి.

ఇది మనకు దూరపు జబ్బు కాదు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. గొర్రెను కోసినచోట, ఈ తిత్తులే నీటిబుడగల్లా ఉన్న కార్జాన్ని పక్కకు విసిరితే, కాచుకున్న కుక్క ఎత్తుకుపోతుంది. కొన్ని వారాలకు దాని మలంలో గుడ్లు పడతాయి. అక్కడినుంచి మట్టి, నీళ్లు, కడగని ఆకుకూరలు, పిల్లల చేతులు. వండిన మాంసంతో ఈ జబ్బు రాదు. ఒకప్పుడు దీనితో అల్లాడిన ఐస్‌లాండ్, కుక్కలకు ఆ వ్యర్థాలు అందకుండా చేసి, వాటికి పురుగుల మందు వేసి దీన్ని నిర్మూలించింది.

డాక్టర్లకు నా మనవి: సూది తీసేముందు ఇంట్లో గొర్రెలు, కుక్కలు ఉన్నాయా అని అడగండి. మాంసం కొట్టేవాళ్లకు: బుడగలున్న కార్జాన్ని కుక్కకు వేయకండి, కాల్చేయండి, లేదా లోతుగా పూడ్చండి.